తగువు ఉపవాసం

మార్చి 5, బుధవారం. ఉదయగిరి.

శ్రమల కాలం ఈరోజు మొదలు. ఈస్టరు దాకా సంఘంలో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి మానాలి. పాస్టరు రాజమోహన్ గారు మాంసం మానారు. మా ఆయన దానియేలు టీలో పంచదార మానారు. అది డాక్టరు నాలుగేళ్ళ కిందటే మానమన్నాడు. ఇప్పుడు దేవుడి పేరున వేశారు.

నేను తగువు మానాను. మా ఆయనతో తగువు.

చిన్న త్యాగం కాదు. మలేషియాలో ఆయన పామాయిలు తోట ఆఫీసులో, నేను ఆస్పత్రి వార్డులో పనిచేసేవాళ్ళం. రోజుకు రెండు గంటలు కలిసి ఉంటే గొప్ప. ఆ రెండు గంటలకూ సరిపడా తగువులుండేవి. రిటైరయ్యాక అక్కడి మా సంఘం మమ్మల్ని ఏడాది సేవకని ఇక్కడికి పంపింది. ఇప్పుడు మేడమీద రెండు గదులు, ఒక ఫ్యాను, రోజంతా ఆయన.

పైగా ఏప్రిల్ 6న ఆత్మకూరు సంఘంలో ఇద్దరం కలిసి మాట్లాడాలి. అంశం: సమాధానం గల ఇల్లు. అంటే తగువుల్లేని ఇల్లు.

స్తోత్రం! నేను చేయగలను!

మార్చి 7, శుక్రవారం

బ్రహ్మాండం! ఆయన నా తువ్వాలుతో సైకిలు తుడిచారు. నవ్వాను. తర్వాత చర్చి వరండాలో అందరికీ బి.పి. చూశాను. చివర్లో నాదీ చూసుకున్నాను. తగ్గింది!

మార్చి 10, సోమవారం

సాయంత్రం ఆయన మెట్ల మీద చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతూ, నా వయసు బోర్డు మీద వేసి, దాన్నిబట్టి ఆయన వయసు కనుక్కోమన్నారు. నా వయసు రెండేళ్ళు ఎక్కువ వేశారు. జవాబు సరిగ్గా రావడం కోసమట.

ఏమీ అనలేదు. ఇంత సులువని తెలిస్తే ముందే మానేదాన్ని.

మార్చి 14, శుక్రవారం

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు మస్తానమ్మ కరివేపాకు తీసుకుని పైకి వచ్చింది. అసలు పని అది కాదు.

"ఏందమ్మా, మీరిద్దరు నిజంగా మొగుడూ పెళ్ళాలేనా? ఇన్ని దినాలుగా ఒక్క కేక ఇనపడలా. ముందు బాగుండేది, మాకూ పొద్దుపోయేది."

వెనకే వాళ్ళ అమ్మాయి సుజన. పోయిన వారమే మర్రిపాడు నుంచి ఒక సంచీతో పుట్టింటికి వచ్చేసింది. భర్త వెంకటేష్ లారీ నడుపుతాడు. బద్వేలులో ఇల్లు చూసి, సామానంతా లారీకెక్కించాక, మనం ఊరు మారుతున్నామని ఈ పిల్లకు చెప్పాడట. ఈ పిల్ల ఒక్క మాట కూడా అనలేదట. లారీ దిగి ఉదయగిరి బస్సెక్కింది.

"సంసారమంటే మీ మాదిరిగా ఉండాల ఆంటీ," అంది సుజన.

గర్వంగా అనిపించింది. గర్వం మానతానని నేను మొక్కుకోలేదు.

మార్చి 20, గురువారం

టీ తాగుతూ ఆయన, "సలోమీ, నువ్వు తగువు మానావు కదా," అన్నారు.

"మానాను."

"మనం ఇంకో ఏడాది ఇక్కడే ఉంటామని సంఘానికి చెప్పేశాను."

"ఎప్పుడు?"

"జనవరిలో."

ఎలా చెప్పాలా అని అప్పటి నుంచి చూస్తున్నారట. ఇదే మంచి సమయం అనిపించిందట.

మలేషియాలో మా అమ్మాయికి జూన్‌లో కానుపు. మొదటిది. మే నెలాఖరుకి మా ఏడాది అయిపోతుంది, వచ్చేస్తానని దానికి మాటిచ్చాను. అది ఆయన పక్కనే ఉండి విన్నారు.

నేను ఏమీ అనలేదు. బియ్యంలో రాళ్ళు ఏరాను. రాళ్ళు లేవు. అయినా ఏరాను.

మార్చి 22, శనివారం

కొత్త నిబంధన: మాట్లాడకపోవడం తగువు కాదు.

రెండు రోజుల నుంచి మాట్లాడటం లేదు. ఆయనకు ఇంకా తెలియలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని పాస్టరు గారికి ఫోనులో చెబుతున్నారు.

మార్చి 26, బుధవారం

ఇంకో నిబంధన: ఉదయగిరిలో ఎవరికీ తెలియని భాషలో తిడితే అది కూడా తగువు కాదు. సంఘం ముందు మా సాక్ష్యానికి భంగం లేదు.

మలయ్ భాషలో ఆయన్ని పావుగంట అన్నాను. హాయిగా ఉంది. కింద నుంచి మస్తానమ్మ, "ఏం పాటమ్మా అది? బాగుండాది!" అని అరిచింది.

ఆయన మాత్రం తెలుగులోనే జవాబిచ్చారు. "అక్కడికెళ్తే నేను టీవీ ముందు కూర్చునే ముసలాణ్ణి సలోమీ. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి పిల్లలు నాకోసం మెట్ల మీద కూర్చుంటారు."

జాలేసింది. కోపమూ అలాగే ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

ఏప్రిల్ 1, మంగళవారం

అమ్మాయి వీడియో కాల్. కాళ్ళు వాచాయి. నర్సును, చూడగానే తెలిసింది. ఉప్పు తగ్గించమన్నాను.

"టిక్కెట్టు తీశావా అమ్మా?"

"నాన్న చూస్తున్నారు."

నాన్న కిటికీలోంచి ఉదయగిరి కొండ చూస్తున్నారు.

ఏప్రిల్ 5, శనివారం

సుజన వచ్చింది. రేపు తల్లీకూతుళ్ళు కూడా మా బస్సులోనే ఆత్మకూరు వస్తారట. అక్కడ లాయరు ఆదివారమైతే ఇంటి దగ్గర దొరుకుతాడట.

"వెంకటేష్ ఏమంటాడు?" అన్నాను.

"ఫోన్ల మీద ఫోన్లు చేస్తా ఉండాడు. నేను ఎత్తలా. మిమ్మల్ని చూసినాకే తెలిసింది ఆంటీ, మాది సంసారమే కాదని. తెంచేసుకుంటా."

మమ్మల్ని చూసి!

మా ఆయన పక్క గదిలోంచి, నా మాటలన్నీ అయిపోయాక ఆయన ఎక్కడ మొదలుపెట్టాలో రేపటి ప్రసంగం కాగితం మీద గుర్తుపెట్టమన్నారు. అన్నం సగంలో వదిలేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

గొంతు పోయింది. రాసి పెట్టుకుంటాను.

బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో మేము, వెనక మస్తానమ్మ, సుజన. ఊరు దాటగానే పాస్టరు గారి ఫోను. మా ఆయనకు వినపడదని ఎప్పుడూ స్పీకరు పెడతారు.

"అన్నా, ఇంకో సంవత్సరం ఉంటున్నారంట! అక్క ఒప్పుకున్నందుకు ఈరోజు సంఘంలో ప్రత్యేకంగా స్తుతి చెల్లిద్దాం!"

"అవును తమ్ముడూ, ఎంతో సంతోషంగా ఒప్పుకుంది," అన్నారు మా ఆయన.

సంతోషంగా!

ఈసారి తెలుగులోనే అన్నాను.

"నన్ను అడిగారా? ఒక్కసారైనా అడిగారా? మీ సేవ, మీ పిల్లలు, మీ మెట్లు! అక్కడ నా కూతురు కాళ్ళు వాచి కూర్చుంటే, నేను ఒప్పుకున్నానని మీరు చెబుతారా?"

"నువ్వు ఏమీ అనలేదు కదా!"

"అనకపోతే ఒప్పుకున్నట్టా?"

బస్సంతా మా వైపు తిరిగింది. డ్రైవరు హారన్ కూడా మానేశాడు. పక్క సీటు పెద్దాయన, "ఆయన్ని కూడా మాట్లాడనీమ్మా," అన్నాడు. కండక్టరు, "నువ్వు ఉండబ్బా, ఆమె చెప్పేది కరెక్టే," అన్నాడు. ఆయన కూడా మాట్లాడారు. ఇంట్లో మాట దాచేది నేనేనని, రెండు వారాలుగా నా మొహం చూడటానికే భయంగా ఉందని అన్నారు. ఆత్మకూరు దాకా సాగింది.

బస్టాండులో దిగాక సుజన నా చెయ్యి పట్టుకుంది. మొహం పాలిపోయింది.

"ఇప్పుడేం చేస్తావ్ ఆంటీ? వదిలేస్తావా ఆయన్ని?"

"వదిలేసేదేంటమ్మా? తగువు ఇంకా అవలేదు."

అది ఏదో గొప్ప మాటని అనలేదు. నిజంగానే అవలేదు, ఇంకా చాలా ఉంది.

సుజన నా చెయ్యి వదిలింది. తర్వాత ఫోను తీసి, బెంచీ మీద కూర్చుని, "యోవ్, ఇల్లు మారేది నన్ను అడగాల్సిన పని లేదా నీకు? నేనేంది, సామానా?" అని మొదలుపెట్టింది. మేం చర్చికి వెళ్ళేసరికి కూడా తిడుతూనే ఉంది. మస్తానమ్మ పక్కన కూర్చుని, మరిచిపోయినవి అందిస్తోంది.

మా ప్రసంగం నాలుగు నిమిషాలు. బస్సులో వచ్చినవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున్నే కింద లారీ. వెంకటేష్ వచ్చినాడని మస్తానమ్మ కేక. అతను మెట్ల దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. సుజన తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇల్లు చూసొస్తా. నచ్చితేనే ఉంటా. నచ్చలేదనుకో, సామాను మళ్ళా ఎక్కించాల్సింది నువ్వే."

"సరే," అన్నాడు.

సంచీ తీసుకోకుండానే లారీ ఎక్కింది. అది నాకు నచ్చింది.

మా ఆయన ఇదంతా మేడమీద నుంచి చూశారు. లోపలికి వచ్చి పాస్టరు గారికి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు. "తమ్ముడూ, సలోమి ఒప్పుకోలేదు. అసలు నేను అడగలేదు. నిన్న అబద్ధం చెప్పాను. అడిగి, తను ఏమంటే అది చెబుతాను."

ఫోను పెట్టేసి నా ఎదురుగా కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత బిడియంగా లేరు.

"కానుపుకు ఇద్దరం వెళ్దాం. పాపనో బాబునో చూసుకుని, నీకు ఇష్టమైతే తిరిగొద్దాం. లేకపోతే అక్కడే ఉండిపోదాం. ఏమంటావు?"

కళ్ళు తుడుచుకున్నాను. ఆలోచించి చెబుతానన్నాను.

ఈస్టరుకి ఇంకా రెండు వారాలు ఉన్నాయి. తగువు ఉపవాసం ఈ క్షణం నుంచి మళ్ళీ మొదలు. ఈసారి తప్పను!

మధ్యాహ్నం. ఆలోచించడం అయిందా అని మూడుసార్లు అడిగారు.

రేపటి నుంచి మొదలు.