గడపకు అడ్డంగా

నారిన్, ఫిబ్రవరి.

తమ్ముడు ఎర్మెక్‌కు,

క్షేమమని రాయలేను. సైకాల్‌ను పెళ్లికని ఎత్తుకెళ్లినవాళ్లు "మా కోడల్ని పంపించండి" అంటూ శుక్రవారం నేను కుట్టుపని నేర్పే ఇంటికి వస్తారట. పెద్దమనిషిగా నువ్వూ వస్తున్నావట. నిజమేనా? పొద్దుటినుంచీ సూదిలోకి దారం ఎక్కడం లేదు నాకు.

ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. కోడలైనట్టు గుర్తుగా తలమీద వాళ్లు కప్పిన తెల్లగుడ్డ లాగిపారేసి, చెప్పుల్లేకుండా మంచులో నా దగ్గరికి నడిచొచ్చింది. "ఆడపిల్ల విసిరిన రాయి, పడ్డచోటే ఉండాలక్కా" అంటావు నువ్వు. మన జిబెక్‌నూ ఇలాగే ఎత్తుకెళ్లినప్పుడు దానితో ఆ మాట అన్నది నేనే కదరా! అది పారిపోకుండా ఆ ఇంటి ముసలమ్మ గడపకు అడ్డంగా పడుకుంది. పెద్దవాళ్లను దాటితే పాపమని నా కూతురు ఆగిపోయింది. ఏడాది తిరక్కుండా శవమై వచ్చింది. సైకాల్‌లా తప్పించుకొచ్చిన ఏడుగురు ఆడపిల్లలు ఇప్పుడు దాని కుట్టుమిషను మీదే పని నేర్చుకుంటున్నారు.

రావద్దురా, నీకు దండం పెడతాను. వస్తే మాత్రం ఒకటి ముందే తెలుసుకో. నాకూ అరవైమూడేళ్లు వచ్చాయి. శుక్రవారం తెల్లారగానే నేనే గడపకు అడ్డంగా పడుకుంటాను, మీరెవరూ లోపలికి రాకుండా.

నేల మంచుగడ్డలా ఉంటుంది. అక్కను దాటుతావో, వెనక్కి తిరుగుతావో, త్వరగా తేల్చుకో.

నీ అక్క