పట్టాల మీద కూర్చున్న రోజు

పోర్ట్ బ్లెయిర్,
12-2-1969.

అన్నయ్య అప్పయ్యకు చెల్లెలు యర్రమ్మ నమస్కారాలు. నేనూ, పాపా కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదినను అడిగానని చెప్పు.

పాప రోజూ బడికి వెళ్తోంది. హిందీ నాకంటే బాగా మాట్లాడుతోంది. "బావ లేని ఊళ్లో నీకింకా ఏముంది?" అని అడిగావు. దానికే ఈ ఉత్తరం.

ఇక్కడ సముద్రపు పాయ ఒడ్డున తెల్లవాళ్ల కాలంనాటి కలప గోదాములు మూడుండేవి. వాటి ముందునుంచి జెట్టీ దాకా ట్రాలీ పట్టాలు. కలప పని ఆగిపోయాక చివరి గోదాం మా ఎనిమిదిమంది ఆడవాళ్లకు అద్దెకిచ్చారు. ఎండుచేపలు అందులోనే దాస్తాం. గంపలు ట్రాలీ మీద పెట్టి పడవ దాకా తోసుకెళ్తాం. వానాకాలంలో ఆ కప్పు లేకపోతే సరుకంతా పురుగే.

పోయిన నెల ఒక పొద్దున కాంట్రాక్టరు మనుషులు గునపాలతో వచ్చారు. మూడు గోదాములూ కూల్చేసి, పట్టాలు పీకేస్తారట. నేను వెళ్లి పట్టాల మీద కూర్చున్నాను. మాలో పెద్దావిడ గవరమ్మత్త వచ్చి పక్కన కూర్చుంది. మిగతావాళ్లూ వచ్చారు.

"దీదీ, హటో. ఆర్డర్ హై," అని మమ్మల్ని లేవమన్నాడు వాళ్ల మేస్త్రీ.

"ఆర్డరుంటే కాయితం దిఖావో. సదివించుకున్నాకే లెగుస్తాం," అన్నాను.

ఇంగ్లీషు కాయితం మాకేం తెలుస్తుందిలే అని ఇచ్చేశాడు. డెయిరీ ఫార్మ్ పేటలో ఉండే ఝాన్సీలక్ష్మి టీచరుకు కబురు పంపాం. ఆవిడ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ ఎండలో కదల్లేదు. ఆవిడ చదివి, "ఇందులో కప్పు లేని రెండు గోదాములే ఉన్నాయి. మూడోదీ లేదు, పట్టాలూ లేవు," అంది. అదే హిందీలో గట్టిగా మేస్త్రీకి చెప్పింది. ఆ రెండూ కూల్చేశారు. మాది నిలిచింది. మర్నాడే అందరం గోదాం అద్దెకిచ్చిన ఆఫీసుకు పోయి, మూడేళ్లకు అద్దె కాయితం రాయించుకున్నాం.

అన్నయ్యా, జ్వరం వల్ల ఓడ ఎక్కలేదని రాశాను. అది అబద్ధం. నువ్వు పంపిన టిక్కెట్టు ఆ రోజుదే. పెట్టె సర్దుకుని, వీళ్లకు చెప్పి వెళదామని గోదాముకు వచ్చాను. పట్టాల మీద ఉండగానే ఓడ కూత వేసింది. ఒక్క క్షణం కాళ్లు అటు లాగాయి. నా చెయ్యి గవరమ్మత్త చేతిలో ఉంది. ఆవిడ గట్టిగా పట్టుకోలేదు. నేనే విడవలేదు.

తిట్టు, పడతాను. మళ్లీ టిక్కెట్టు మాత్రం పంపకు. మీ బావను మింగిన సముద్రం ఇదే. దీని ఒడ్డునే నా బిడ్డను పెంచుతాను. నీ ఇల్లు నాకు పరాయిది కాదు. కానీ అక్కడ నేను మొగుడు పోయిన చెల్లెల్ని. ఇక్కడ గోదాం తాళం నా దగ్గర ఉంటుంది.

ఇట్లు,
నీ మొండి చెల్లెలు
యర్రమ్మ