గోనమ్మ గోళ్ల వ్యవహారం

నెల్లిమర్ల,
10-7-1968

పూజ్యులైన మావగారికి, అత్తగారికి అల్లుడు గణపతిరావు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి గానీ అది సగమే నిజం.

నీలవేణి పొందూరు వచ్చి పన్నెండు రోజులయింది. ఎందుకొచ్చిందో చెప్పే ఉంటుంది. చెప్పకపోతే నేనే చెప్పుకుంటాను. మా ఇంట్లో గోనమ్మ అని పిల్లి ఉంది. నేను పనిచేసే జనపనార మిల్లు గోదాములో చిరిగిన గోనెసంచిలో దొరికింది కనక ఆ పేరు పెట్టాను. నీలవేణి రెండు నెలలు కష్టపడి, మీకు పంచెలు నేయించాలని, సన్ననూలు వడికి చుట్టలు చుట్టి గూట్లో పెట్టుకుంది. గోనమ్మ ఆ గూట్లో దూరింది. గోళ్లకి చిక్కిన దారం వదిలించుకోడానికి వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నాలుగుసార్లు పరిగెత్తింది. నేను పిల్లిని అదిలించాల్సింది. నవ్వాను. అదీ తప్పు. "ముందు ఆ పిల్లి సంగతి తేల్చండి, తరవాత నన్ను రమ్మని రాయండి" అని నీలవేణి ఆ సాయంత్రమే బండెక్కేసింది.

పెళ్లయి ఎనిమిది నెలలు కూడా కాలేదు. ఇల్లు బోసిగా ఉంది మావగారూ. తప్పు పిల్లి గోళ్లదే అయితే గోళ్లు తీసేస్తాను. కానీ తియ్యొచ్చా? పాపమేమైనా తగులుతుందా? ఎలకల్ని ఎలా పడుతుంది? మీరు నూలు వడికే ఇళ్లలో పిల్లుల్ని చూసినవారు, దారి చెప్పండి. ఈ ఉత్తరం నీలవేణికి కూడా చూపించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
గణపతిరావు

తా.క.: వంట నేనే చేసుకుంటున్నాను. నిన్నటి చారు గోనమ్మ వాసన చూసి, మట్టి కప్పెడుతున్నట్టు ముందుకాలితో నేల గీకి వెళ్లిపోయింది.


పొందూరు,
16-7-1968

చిరంజీవి అల్లుడు గణపతిరావుకి మావ జగన్నాధం దీవించి రాయునది.

నీ ఉత్తరం పోస్టుమేను మగ్గం దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. అమ్మాయికి చూపించాను. అది మొహం అటు తిప్పుకుని రాట్నం తిప్పుకుంటోంది. అందుకని జవాబు నేనే రాస్తున్నాను.

పిల్లి గోళ్లు తియ్యొచ్చా అని అడగడమేమిటయ్యా? మా వీధిలో పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ అమావాస్యకి అమావాస్యకి తీస్తారు. మా నూలుకి గోరు తగిలిందంటే అతకడానికి కూడా పనికిరాదు. అదొక్కటేనా? ముసలి పిల్లి గోళ్లు వంకర తిరిగి దాని పాదంలోనే గుచ్చుకుంటాయి, కుంటుతుంది. మనిషిని గీరితే చీము పట్టి వారం రోజులు సలుపుతుంది. ఒళ్లో పడుకున్న పిల్లి లేచేటప్పుడు పంచె కూడా దానితోనే లేస్తుంది, నలుగురిలో మర్యాద పోతుంది. ఇన్ని కారణాలుంటే పాపమంటావేం? కొస తీస్తే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. ఎలకని అది చంపేది నోటితో.

కడుపు నిండా పెట్టి, నిద్రమత్తులో ఉండగా ఒళ్లోకి తీసుకో. పాదం మెత్తగా నొక్కితే గోరు బయటికొస్తుంది. తెల్లటి కొస మాత్రమే కత్తిరించు. లోపల ఎర్రగా కనిపించేచోట నెత్తురుంటుంది, దాని జోలికి పోకు.

పని కాగానే రాయి. నువ్వు మాత్రం ఇప్పుడప్పుడే బయల్దేరి రాకు. అమ్మాయి కోపం మీద ఉంది, మాటా మాటా పెరుగుతుంది.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: మీ అత్త దేముడమ్మ పక్కన కూర్చుని రాయమంటోంది: "బాబూ, పిల్లి నూలు మీదకి ఊరికే రాదు. పత్తి దువ్వుకునే వాలుగ సేప దవడ మా పిల్ల అక్కడే మర్సిపోనాది. దాని వాసనకే వస్తాది. ఆ దవడ పంపించు. మా అమ్మ నాటిది, జాగర్త."


నెల్లిమర్ల,
22-7-1968

పూజ్యులైన మావగారికి గణపతిరావు వణుకుతూ నమస్కరించి రాయునది.

వణుకు ఎందుకంటే ముందు దవడ సంగతి చెప్పాలి. నీలవేణి బుట్టలో ఎండిపోయిన చేప దవడ ఒకటి కనిపించింది. సన్నసన్నటి పళ్లు వరసగా ఉన్నాయి. ఎప్పుడో వండిన పులుసులోది, కోపంలో పారెయ్యడం మరిచిపోయిందనుకున్నాను. మీ ఉత్తరం రాకముందే గోనమ్మకి వేశాను. అది చాలా ఇష్టంగా తీసుకుంది. నేను గోదాములో ఉండగా నీలవేణి పత్తి దువ్వుకుంటుంది, ఇంటికొచ్చేసరికి నాకు రాట్నమే కనిపిస్తుంది. మా ఇంట పుట్టిన వాళ్లెవరూ పత్తిని చేప పళ్లతో దువ్వగా చూడలేదు. అత్తగారి కాళ్ల మీద పడ్డానని చెప్పండి.

గోళ్ల సంగతి. మీరు చెప్పినట్టే కడుపు నిండా, నెత్తళ్ల చేపలు వేయించి పెట్టాను. ఒళ్లో పడుకుంది. కుడికాలి గోళ్లు రెండు తీశాను. మూడోదాని దగ్గర కత్తెర చప్పుడుకి లేచింది. ఇప్పుడు నా ఎడమ బుగ్గ మీద పైనుంచి కిందికి మూడు గీతలున్నాయి. మిల్లులో అందరూ చూసి నవ్వారు. నీలవేణి ఊళ్లో లేదని తెలిసినవాళ్లు మాత్రం నవ్వలేదు, ఒక మాదిరిగా చూశారు.

మిగతావి కూడా ఎలాగో తీయిస్తాను. నీలవేణి ఒక్క ముక్క రాస్తే ధైర్యంగా ఉంటుంది.

ఇట్లు,
గీతలు పడిన మీ అల్లుడు,
గణపతిరావు

తా.క.: గోనమ్మ నా వైపు చూడడం మానేసింది. ఇప్పుడు నా మీద అలిగిన ఆడవాళ్లు ఇద్దరు.


పొందూరు,
29-7-1968

చిరంజీవి గణపతిరావుకి జగన్నాధం దీవించి, కొంచెం కోపంగా, రాయునది.

మా అత్తగారి దవడని పిల్లికి వేశావా! అంటే ఆవిడ వాడిన దవడ. ముప్పై ఏళ్లు పత్తి దువ్వింది. అటువంటి పళ్లు ఇప్పటి చేపలకి లేవు. అమ్మాయికి చెబితే నిలువునా కూలిపోతుందని ఇంకా చెప్పలేదు. ముందు ఇంకో వాలుగ దవడ సంపాదించి పంపు.

ఇక నీ బుగ్గ. మీ మిల్లులో పనిచేసే మా ఊరి సూరయ్య నిన్న ఆదివారం వచ్చి చెప్పాడు, "గణపతిరావు మొహం రక్కేసి ఉన్నాది" అని. నువ్వు రాసింది నేను నమ్మాను. పిల్లి ముందుకాలికి అయిదు గోళ్లు, రెండు తీశావు, మూడు మిగిలాయి, మూడు గీతలు పడ్డాయి, సరిపోయింది. కానీ ఇంట్లో ఆడవాళ్లు నాలాగ ఆలోచించరు కదా. కాబట్టి గోళ్లు తీయడానికి ఇంకో కారణం కూడా పుట్టింది, నీ మంచిపేరు. నాలుగు కాళ్ల గోళ్లూ, సాక్షుల ముందు తీయించు. మొహం మానేదాకా మాత్రం ఇటు రాకు.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: మీ అత్త: "పిల్లి గీకిందా? సరే. ఆ పిల్లి గాజులేసుకున్నాదేటో ఓ పాలి సూడమను."


నెల్లిమర్ల,
6-8-1968

పూజ్యులైన మావగారికి గణపతిరావు నమస్కరించి, ప్రమాణం చేసి రాయునది.

మా ఇంట్లో గాజులున్న ప్రాణి ఏదీ లేదు. ఉన్న గాజులు పొందూరులో ఉన్నాయి. అత్తగారు అలా అన్నందుకు నాకు రెండు పూటలు అన్నం సయించలేదు.

సాక్షులు కావాలన్నారు కదా. ఆదివారం పొద్దున్న మంగలి రాముడిని పిలిచాను. పక్కింటి సుభద్రమ్మగారిని అరుగు మీద కూర్చోబెట్టాను. రాముడు పిల్లిని చూసి, "బాబూ, నాను పెళ్లికొడుకులకి గోళ్లు తీసినోణ్ణి, ఇదేటిది!" అన్నాడు. బతిమాలాను. గోనెసంచిలో తల ఒక్కటీ, కాలు ఒక్కటీ బయటికి ఉంచి పట్టుకున్నాం. పుట్టిన చోటు గుర్తుకొచ్చిందో ఏమో, గోనమ్మ కిక్కురుమనలేదు. ముందుకాళ్లవి అన్నీ తీశాడు. పెళ్లికొడుక్కి తీసినా పిల్లికి తీసినా ఆనవాయితీ ఒకటేనంటూ కొత్త గుడ్డ పట్టుకుపోయాడు. వీధిలో వాళ్లందరూ చూశారు, కొందరు అక్షింతలు కావాలా అని అడిగారు.

దవడ కూడా ఈ పార్సిల్లో పంపుతున్నాను. భీమిలి నుంచి చేపలు తెచ్చే లక్ష్మణమ్మ వెతికి తెచ్చింది. దీనికి పళ్లు ఇంకా పెద్దవిగా, బలంగా ఉన్నాయి.

ఇక నేనేం చెయ్యాలో చెప్పండి. సాయంత్రం ఇంటికొస్తే రాట్నం చప్పుడు లేదు. అది ఉన్నన్నాళ్లూ విన్నట్టే తెలియలేదు నాకు. నీలవేణి నాలుగు తిట్లు రాసి పంపినా కళ్లకద్దుకుంటాను.

ఇట్లు,
గణపతిరావు

తా.క.: నిన్న ఒక ఎలక గోనమ్మ కంచంలోనే అన్నం తింది. గోనమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. మర్యాదకి అనుకుంటాను.


పొందూరు,
14-8-1968

చిరంజీవి గణపతిరావుకి జగన్నాధం దీవించి రాయునది.

పార్సిల్ విప్పాను. అది సముద్రపు చేప. వాలుగ ఏట్లో దొరుకుతుంది, సముద్రంలో కాదు. నువ్వు పంపిన పళ్లతో పత్తి దువ్వలేం, పందిని దువ్వుకోవచ్చు. అయినా నీ కష్టం నేను కాదనను.

గోళ్ల విషయంలో మాత్రం పని సగమే అయింది. వెనకకాళ్లవి తీయించలేదు. ముందువి గీకడానికి, వెనకవి ఎగరడానికి. నూలు గూడు ఎత్తులో ఉంటుంది కదా, ఎగిరితేనే అందుతుంది. పైగా తీసిన గోరు కొస కొన్నాళ్లు గరుగ్గా ఉంటుంది, అప్పుడు తగిలితే నూలుకి ఇంకా నష్టం. అవి పెరగనిచ్చి రెండోసారి తీయాలి, నున్నబడ్డాక మూడోసారి. వర్షాకాలంలో గోళ్లు తొందరగా పెరుగుతాయి, అదొకటి. ఆషాఢంలో తీసిన గోళ్లని శ్రావణంలో నమ్మకూడదు. ఆలోచించిన కొద్దీ కారణాలు కనపడుతున్నాయి. దసరా దాకా ఆగడం నాకు మంచిదనిపిస్తోంది.

అమ్మాయి కులాసాగా ఉంది. రోజంతా వడుకుతోంది. నీ మీద కోపం రవ్వంత తగ్గినట్టే ఉంది గానీ కదిపితే మళ్లీ లేస్తుంది.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: మీ అత్త: "తొందరేటీ నేదు బాబూ. పిల్లి ముసలిదయి గోళ్లు దానంతటవే రాలిపోయేదాకా ఆగినా పర్నేదు."


పొందూరు,
22-8-1968

శ్రీవారి పాదాలకి నీలవేణి నమస్కరించి రాసే ఉత్తరం. ఏడుస్తూ మొదలుపెట్టాను, నవ్వొచ్చి అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకండి.

యాభై అయిదు రోజుల్లో మీ దగ్గరనుంచి ఒక్క ముక్క రాలేదనుకున్నాను. నా కోపం రెండోరోజుకే పోయింది. మీరు ముందు రాయాలి కదా అని కూర్చున్నాను. మీకు నాకన్నా పిల్లే ఎక్కువైపోయిందనుకుని రాట్నం మీద ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో. మొన్న ఆదివారం నూతి దగ్గర సూరయ్య కనపడ్డాడు. "ఏటమ్మా, మీ ఆయన పిల్లికి పెళ్లి సేస్తన్నాడా? మంగలొచ్చి గోళ్లు తీసి, కొత్త గుడ్డ పట్టికెల్లిపోనాడు. నీలవేణి ఎప్పుడొస్తాదని నన్ను రోజూ అడుగుతాడు" అన్నాడు.

నాన్న భోజనానికి లేచినప్పుడు మగ్గం దగ్గర వెతికాను. గుంటలో కాళ్లు పెట్టుకునేచోట, గోనె కింద, మీ ఉత్తరాలు మూడూ ఉన్నాయి. పక్కన చేప దవడ కూడా ఉంది. దాన్ని చూసి ముందు భయపడ్డాను. నాన్న మీకు పంపబోయే కొత్త ఉత్తరం కూడా సగం రాసి ఉంది. అందులో కారణాలు వెతుకుతూ పిల్లి మీసాల దాకా వచ్చారు.

అన్నీ అమ్మకి చదివి వినిపించాను. నాన్న రాసినవాటిలో ఏముందో ఆయన్నే అడిగి చెప్పించింది. అమ్మ నెత్తి బాదుకుంది. "ఓలమ్మ! గాజులేసుకున్న పిల్లి అని నానన్నానా? నాకు అల్లుడు ఉత్తరం రాసినాడనే తెల్దు!" అంది. తాజా కలాల్లో అమ్మ పేరు పెట్టి రాసినవన్నీ నాన్న సొంతం. మీరు ఆవిడ మీద మనసులో ఏమీ పెట్టుకోకండి. దవడ కూడా ముప్పై ఏళ్లదేమీ కాదు, నిరుడు సంతలో కొన్నది. నాది నేను మరిచిపోయినా ఇక్కడ అమ్మది వాడుకుంటున్నాను.

ఎందుకిలా చేశావని నాన్నని అడిగాను. ఆయన అన్నారు: "ఏటి సెయ్యనే? నువ్వు రాట్నం కాడ కూకుంటే నా సెయ్యి మగ్గం మీద ఆడతాది. నువ్వెల్లిపోనాక ఎనిమిది నెల్లు ఒక్క పంచీ మనసుపెట్టి నెయ్యలేదు. అల్లుడు పిల్లి గోళ్లని రాసినాడు, నానూ అదే పట్టుకున్నాను." అంతా చెప్పి, తప్పు చేసిన పిల్లాడిలా పోగులు సరిచేస్తూ కూర్చున్నారు. తిడదామని వెళ్లినదాన్ని, పక్కన కూర్చుని నేనూ నాలుగు పోగులు సరిచేశాను.

ఇంకొక్క మాట. నాకు కోపం పిల్లి గోళ్ల మీద కాదు. రెండు నెలల పని పోతుంటే మీరు నవ్వారు, అదీ కోపం. దానికి జవాబు మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. "నవ్వాను, అదీ తప్పు" అని. అది చదివి ఉంటే మర్నాటి బండికే వచ్చేదాన్ని.

సోమవారం పొద్దుటి పాసింజరుకి వస్తున్నాను. స్టేషనుకి రండి. గోనమ్మ గోళ్లు నేను తీస్తాను, ముందుకాళ్లవి మాత్రమే, నెలకొకసారి. మా అమ్మ పిల్లికి చిన్నప్పటినుంచీ నేనే తీసేదాన్ని. అదేదో నన్ను అడిగితే సరిపోయేది.

మీ,
నీలవేణి

తా.క.: నేనొచ్చాక మీరు నాన్నకి ఓ ఉత్తరం రాయండి, ఏమీ ఎరగనట్టు. పిల్లి గోళ్లు తీయడానికి ఇంకా కారణాలేమైనా ఉన్నాయా అని అడగండి. నెలకొకసారి అడుగుతూ ఉండండి. నా రాట్నం చప్పుడు లేని ఇంట్లో ఆయనకి ఏమీ తోచదు.