గేటు కాడి కుదుపు

మంగళవారం, పండుకునే ముందు

ఇయ్యాల జరిగింది తలుచుకున్నప్పుడల్ల నవ్వొస్తుంది.

మందమర్రి దాటినంక రైల్వే గేటు కాడ రైలు ఒక్కసారి ఎగిరిపడుతది. రోజు పోయేటోళ్లకు గది ఎరికే. గేటు కనవడంగనే అందరు చాయ్ గ్లాసులు పైకి లేపి పట్టుకుంటరు, చాయ్ అమ్మే యూసుఫ్ భాయ్ పోసుడు ఆపుతడు. గా జాగల పట్టాల కింది కంకర మొన్ననే మా రైల్వే గ్యాంగుతోని దగ్గరుండి సరిజేయించిన. ఎట్లున్నదో సూద్దామని కుదుపులు కొలిచే మిషన్ పట్టుకొని ఇయ్యాల ప్యాసింజర్ ఎక్కిన. మిషన్ పక్కన వెట్టి, భాయ్ కాడ చాయ్ తీసుకొని కూసున్న.

గేటు వచ్చింది. గ్లాసులన్ని లేచినయి. భాయ్ కెటిల్ పట్టుకొని అట్లనే నిలవడ్డడు. కుదుపే లేదు, బండి సాఫ్‌గ పోయింది.

"ఏం చెల్లె, గేటు ఇంక రాలేదా?" అన్నడు భాయ్.

"ఎప్పుడో దాటినం భాయ్. మేమే బాగు జేసినం" అన్న.

బోగీల అందరు ఒక్కటే నవ్వుడు. మిషన్‌ల గీత గూడ సక్కగనే వచ్చింది. పెద్ద వానలు పడితే నేల మళ్ల కుంగుతదేమో, గదొక్కటే ఫికర్...

భాయ్ నవ్వుకుంటనే నా దిక్కు తిరిగిండు. "బాగు జేసినంటివి. మరి నువ్వెందుకు లేపినవ్ చెల్లె?"

సూసుకుంటే నా గ్లాసు గూడ ఇంక గాల్లనే ఉన్నది.