బావకు ఏమీ రాయలేదు

అరవై రెండేళ్ల వయసూ, మూడుసార్లు విరిగిన ముక్కూ గల నేను, ఒకప్పటి బాక్సింగ్ ఛాంపియన్‌ని, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. తలమీద అన్ని దెబ్బలు తిన్నవాడికి మతి నిలకడగా ఉంటుందా అనేవారి కోసం డాక్టరు కాగితం జతచేశాను. అమలు బాధ్యత మా వకీలుది.

1. ఈ రెండు గదుల ఇల్లు సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. నేను గెలిచి వస్తే వాచిన మొహం చూసి ఏడ్చేది. ఓడి వస్తే నవ్వుతూ వేడినీళ్లు పెట్టేది, ఇకనైనా మానేస్తానని ఆశ.

2. ఛాంపియన్ బెల్టు నా కూతురికి. పళ్ల డాక్టరు గనుక ఆమెకు ఈ ఆటంటే గిట్టదు. గోడకు తగిలించక్కర్లేదు, పారేయకుంటే చాలు.

3. నా కళ్లద్దాలు, నాది గాలివాటం గెలుపని రాసిన విలేకరికి. ఇకనైనా చూసి రాయమనండి.

4. గ్లవ్సులు, పంచింగ్ బ్యాగు నేను నేర్పిన వ్యాయామశాలకు. బ్యాగు కుట్లు ఊడాయి, బాగుచేయించుకోండి.

5. ఇక అక్క భర్త సంగతి. పన్నెండేళ్లు నాకు గురువు, రింగు మూలన నిలబడి నా నెత్తురు తుడిచినవాడు. ఆఖరి పోటీ తొమ్మిదో రౌండులో, నేనింకా కాళ్లమీద ఉండగానే, ఓటమి ఒప్పుకుంటూ తువ్వాలు విసిరేశాడు. పంతొమ్మిదేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే వీధి దాటాను. అక్క ఒక్కతే వచ్చిపోయేది.

పోయిన నెల డాక్టరు నా తల ఫిల్ము వెలుతురుకు పట్టి, ఆనాటి గాయం మచ్చ చూపించాడు. ఇంకొక్క దెబ్బ తగిలుంటే అక్కడే పోయేవాడినట. ఈ పంతొమ్మిదేళ్లూ బావ పెట్టిన ప్రాణభిక్ష. తప్పు నాది.

ఏమివ్వమంటావని అక్కను అడిగాను. "మాకేం వద్దురా, ఆయన్ని ఒక్కసారి ఇంటికి పిలువు చాలు" అంది. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. దారి వకీలే చూపించాడు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలట, ఎదురుగా కూర్చుని నా సంతకం కళ్లారా చూడాలట. సాక్షికి గానీ, అతని భార్యకు గానీ ఏమి రాసినా చెల్లదట. అందుకని అక్కకూ బావకూ ఏమీ రాయలేదు. బావే సాక్షిగా రావాలి. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టను. రాకపోతే ఈ కాగితం చెల్లదు, చెల్లకపోనీ.

తేదీ: జూన్ పదకొండు, మంగళవారం ఉదయం
సంతకం: ఎడంచేతి ఛాంపియన్

సాక్షులు:
1. పక్కింటి దర్జీ.
2. అక్క భర్త. నా బావమరిది నా ఎదుటే సంతకం చేశాడు. కాగితం కదలకుండా నేను పట్టుకున్నాను.