రాణి కాని క్వీన్

సార్ గారికి, తొమ్మిదేళ్లు మీ లా ఆఫీసులో టైపు కొట్టిన నేను నమస్కారంతో రాస్తున్నాను.

నేను మానేస్తానన్న రోజున మీరిచ్చిన సిఫారసు ఉత్తరం మీరు చెబుతుంటే నేనే టైపు చేశాను. ‘ఈమె మా ఆఫీసుకే క్వీన్’ అన్నారు. ఆ ఇంగ్లీషు మాటలో రెండో ‘e’కి బదులు ‘a’ పెట్టి ‘quean’ అని కొట్టమన్నారు.

“స్పెల్లింగ్ తప్పేమో సార్” అన్నాను.

“పాతకాలపు ఇంగ్లీషమ్మా. రాణికి ఇంకా గౌరవమైన మాట. చదువుకున్నవాళ్లకి తెలుస్తుందిలే” అన్నారు.

పొంగిపోయి నాలుగు కాపీలు తీసుకున్నాను.

రెండు ఆఫీసుల్లో అది చదివి, ఒకరికొకరు చూపించుకుని ముసిముసిగా నవ్వారు. మూడో చోట ఒక పెద్దావిడ తలుపు దగ్గరగా వేసి, లావుపాటి నిఘంటువు తెరిచి, “ఇది చదువు తల్లీ” అన్నారు. మీరు కొట్టించిన ఆ మాటకి సిగ్గూశరం లేని ఆడది, తిరుగుబోతు అని ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఉత్తరం పక్కన పెట్టేసి, నాచేత ఒక పేజీ టైపు చేయించి ఉద్యోగం ఇచ్చారు.

వెళ్లిపోతున్నానని కోపమొస్తే నాలుగు తిట్టి పంపాల్సింది. పడేదాన్ని. నా వేళ్లతోనే నన్ను తిట్టించారు.

ఇన్నేళ్లూ ఖాళీ దొరికినప్పుడల్లా మీరు సరదాగా నేర్పిన పాత మాటలు నోటుబుక్కు నిండా ఉన్నాయి. నమ్మకం పోయి, ఈ వారమంతా ఒక్కొక్కటే నిఘంటువులో వెతికాను. అన్నిటికీ సరైన అర్థాలే చెప్పారు సార్. నా మీద వాడినదానికి మాత్రమే అబద్ధం చెప్పారు.

ఇట్లు,
మీ మాట నమ్మిన టైపిస్టు