మోచేతులతో వినే బల్ల

మావయ్యా,

మా శబ్దాల ప్రదర్శనకి నువ్వు చేసిచ్చిన బల్ల మొదటిరోజు మూగనోము పట్టింది. అరచేతులతో చెవులు మూసుకుని మోచేతులు ఆనిస్తే, బల్లలో దాచిన రికార్డు శబ్దం ఎముకల గుండా లోపలికి రావాలి కదా! తీరా విప్పి చూస్తే, బల్లంటే కిర్రుమనకూడదనే పట్టుదల కొద్దీ సందుసందునా దూది కుక్కేశావు. నవ్వలేక చచ్చాను.

దూది పీకేశాక, కూర్చున్నవాళ్ళు లేస్తే ఒట్టు! నిన్న అత్తయ్య మోచేతులు ఆనించి, "ఇదేంటే, మీ మావయ్య చిత్రిక పడుతున్నాడు!" అని కెవ్వుమంది. నీ వడ్రంగి కొట్లో రికార్డు చేసి బల్లలో పెట్టింది అదే మరి.

"చెవిటివాణ్ణి, నేనొచ్చి ఏం వింటాను?" అన్నావు. పాడైంది కర్ణభేరి ఒక్కటే, లోపలి నరం బాగుందని డాక్టరు చెప్పలేదూ? నీ చిత్రిక చప్పుడు ఇరవయ్యేళ్ళుగా ఇంటిల్లిపాదీ వింటున్నాం. నువ్వొక్కడివే వినలేదు.

రేపు మోచేతులు తీసుకుని రా.

నీ మేనకోడలు